గడ్డి ఇవ్వరు, ఇటుకల లెక్క తగ్గించరు

2025 డిసెంబరు 25న మన మందిరాల్లో క్రిస్మస్ ఆరాధనలు జరుగుతున్న వేళ, దేశంలోని పలు నగరాల్లో డెలివరీ కార్మికులు యాప్‌లు ఆపేసి సమ్మెకు దిగారు. డిసెంబరు 31న మళ్లీ అదే పిలుపు. పిలుపునిచ్చిన వాటిలో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ ముందు వరుసలో ఉంది. జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవీయ కంపెనీల ప్రతినిధులతో మాట్లాడారు. పది నిమిషాల్లో సరుకు తెస్తామన్న మాటను బ్లింకిట్ తన ప్రచారం నుంచి తీసేసింది. వార్త అక్కడితో చల్లారింది.

మన సంఘాల్లో మాత్రం అది చల్లారే విషయం కాదు. గుంటూరు, ఖమ్మం, ఏలూరు, కరీంనగర్, ఎక్కడి సంఘాన్ని తీసుకున్నా, ఇంటరో డిగ్రీయో చదివి, వీపున పెద్ద సంచి వేసుకుని బండి మీద పార్సిళ్లు పంచే యువకులు ఒకరిద్దరైనా కనిపిస్తారు. కూకట్‌పల్లిలోనో మాదాపూర్‌లోనో నలుగురు కలిసి గది అద్దెకు తీసుకుని అదే పని చేస్తున్న మన పిల్లలు ఇంకెందరో. 2022లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో ఇలాంటి గిగ్ కార్మికులు 77 లక్షల మంది. 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరతారని ఆ నివేదిక అంచనా. ఇది ఇక ఏదో తాత్కాలికమైన పని కాదు. ఒక తరం బతుకుతెరువు.

అందుకే పాస్టర్ల దగ్గరికి ఒక ప్రశ్న తరచుగా వస్తోంది. "అయ్యగారూ, ఈ కంపెనీ పార్సిల్‌కు ఇంత ఇస్తానంటోంది, ఆ కంపెనీ జీతం ఇస్తానంటోంది. దేనిలో చేరమంటారు?" ప్రార్థన చేద్దాం బాబూ అనడం మంచిదే. దానితోపాటు ఆ పిల్లవాడికి లెక్క చూసి చెప్పేవారూ సంఘంలో ఉండాలి. ఈ వారం ఆ లెక్కనే వాక్యపు వెలుగులో చూడాలనుకున్నాము.

ఒకే పెట్టె, నాలుగు రకాల కొలువులు

మనం ఫోన్‌లో చీరో చెప్పులో ఆర్డరు పెడతాము. అది అమ్మకందారు దగ్గర బయలుదేరి, సార్టింగ్ కేంద్రంలో ఊళ్లవారీగా విడిపోయి, రాత్రంతా లారీలో ప్రయాణించి, మన ఊరి డెలివరీ కేంద్రానికి చేరుతుంది. అక్కడి నుంచి మన గుమ్మం వరకు ఉన్న నాలుగైదు కిలోమీటర్లే ఈ వ్యాపారంలో అన్నిటికన్నా ఖర్చయ్యే భాగం. లారీలో వెయ్యి పెట్టెలు ఒక్కసారే వస్తాయి. గుమ్మానికి మాత్రం ఒక్కో పెట్టెకు ఒక్కో మనిషి మెట్లెక్కాలి. కంపెనీల మధ్య పోటీ అంతా చివరికి ఆ మనిషి దగ్గర తేలుతుంది.

ఆ మనిషి ఎవరి కొలువులో ఉన్నాడు? మన వీధిలో తిరిగే వారిని చూస్తే నాలుగు రకాలు కనిపిస్తాయి.

మొదటిది తపాలా శాఖ. దేశంలో ఉన్న సుమారు 1.64 లక్షల పోస్టాఫీసుల్లో ఎక్కువ భాగం పల్లెల్లోనివే. అక్కడ పనిచేసేవారు గ్రామీణ డాక్ సేవకులు. పదో తరగతి మార్కుల మీద ఎంపిక. డాక్ సేవక్‌కు నెలకు 10,000, బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు 12,000 రూపాయలతో మొదలు, పైన కరువు భత్యం. కాగితం మీద రోజుకు నాలుగైదు గంటల పని. వీరు పౌర ఉద్యోగంలో ఉన్నవారేనని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పినా, పూర్తి స్థాయి ప్రభుత్వ ఉద్యోగులకు ఉండే హక్కులు నేటికీ వీరికి లేవు. అయినా నియామక పత్రం ఉంది, ఊరు వదలనక్కరలేదు, ఎవరో ఒక మీట నొక్కితే పోయే కొలువు కాదు.

రెండోది కొరియర్ కంపెనీలో జీతపు ఉద్యోగం. బ్లూ డార్ట్, డీటీడీసీ, డెలివరీ లాంటి కంపెనీలు చాలా ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నాయి. ఈ రంగంలో కొందరు నేరుగా కంపెనీ పద్దులో ఉంటారు, మరికొందరు కాంట్రాక్టరు పద్దులో ఉంటారు. చొక్కా ఒకటే, పద్దు వేరు. కాంట్రాక్టరు కింద ఉన్నా, చట్టం వర్తించే చోట పీఎఫ్, ఈఎస్‌ఐ హక్కు పోదు. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు కంపెనీ బాధ్యత వహించాలన్నది చట్టం. ఈ మాట మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

మూడోది పార్సిల్ లెక్క. ఏదో ఒక ఫ్రాంచైజీ లేదా వెండర్ దగ్గర పేరు రాయించుకుని, చేర్చిన పార్సిల్‌కు ఇంత అని తీసుకోవడం. బండి మనదే, పెట్రోలు మనదే, ఫోను మనదే.

నాలుగోది యాప్‌లో గంటల లెక్కన పని. అమెజాన్ 2019లో మన దేశంలో మొదలుపెట్టిన ఫ్లెక్స్ ఈ తరహాదే. ఖాళీ ఉన్నప్పుడు కొన్ని గంటలు ఎంచుకుని సొంత బండి మీద పార్సిళ్లు పంచవచ్చు. చదువుకుంటూ నాలుగు రూపాయలు సంపాదించాలనుకునే వారికి ఇది పనికొస్తుంది. దాని మీదే ఇల్లు గడపాలనుకుంటే కథ వేరు.

మొదటి రెండింటిలో పని ఇచ్చేవాడు యజమాని. చివరి రెండింటిలో అతని పేరు మారుతుంది. పని చేసేవాణ్ణి "పార్ట్‌నర్" అంటారు. మన బైబిలులో ఆ మాటకు అర్థం తెలిసిందే. గెన్నేసరెతు సరస్సులో పేతురు వల నిండినప్పుడు పక్క దోనెలో ఉన్న పాలివారిని పిలిచాడు. వారు వచ్చి సాయపడ్డారు, రెండు దోనెలూ నిండాయి. పాలివాడంటే పనిలోనూ పంటలోనూ వంతు ఉన్నవాడు. నష్టంలో మాత్రమే వంతు ఉన్నవాణ్ణి పాలివాడు అనడం మాటను చెడగొట్టడమే.

ఫరో లెక్క

నిర్గమకాండము 5వ అధ్యాయం మరోసారి చదవమని మన పాఠకులను కోరుతున్నాము. మోషే, అహరోను ఫరో ఎదుటికి వెళ్లి, ప్రజలు అరణ్యంలో దేవుణ్ణి ఆరాధించడానికి సెలవు అడిగారు. ఫరో ఇచ్చిన జవాబు సెలవు కాదు, కొత్త పనివిధానం. అంతవరకు ఇటుకల పనికి గడ్డి రాజే ఇచ్చేవాడు. ఇకమీదట గడ్డి ఎవరికి వారే ఏరుకోవాలి. ఇటుకల సంఖ్య మాత్రం ఒక్కటి కూడా తగ్గకూడదు. పైగా సోమరులు కాబట్టే ఆరాధన గురించి అడుగుతున్నారని నింద.

ఆ పద్ధతిలో గమనించాల్సింది కొరడా కాదు, పద్దు. ఖర్చు మాత్రం యజమాని పద్దులో నుంచి కూలివాడి పద్దులోకి జారింది. బయటి నుంచి చూసేవారికి ఇటుకలు మునుపటిలాగే వస్తున్నాయి కాబట్టి ఏమీ మారినట్టు కనబడదు.

ఇప్పుడు మన పిల్లవాడి లెక్క చూద్దాం. ఇవి ఏ ఒక్క కంపెనీ రేట్లూ కావు. లెక్క అర్థం కావడానికి మేము వేసుకున్న అంకెలు. పార్సిల్‌కు 15 రూపాయలు, రోజుకు 60 పార్సిళ్లు అనుకుందాం. రోజుకు 900. నెలకు 26 రోజులు పనిచేస్తే 23,400. ప్రకటనలో కనబడేది ఈ అంకె. ఇక గడ్డి ఖర్చు. రోజుకు డెబ్భై కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు 165. నెలకు 3,000 చొప్పున బండి వాయిదా ఉంటే రోజుకు 115. ఆయిలు, టైర్లు, రిపేర్లకు 40. ఫోను, డేటాకు 15. మొత్తం 335. చేతిలో మిగిలేది 565. నెలకు 14,690. రోజుకు పది గంటలు పట్టిందనుకుంటే గంటకు 56 రూపాయలు.

ఇంకొక మెట్టు ఉంది. అరవైలో ఎనిమిది పార్సిళ్లు తిరిగి వచ్చాయనుకుందాం. ఇంట్లో లేరు, ఫోను ఎత్తలేదు, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి వద్దన్నారు. చేర్చిన పార్సిల్‌కే డబ్బు అన్న ఒప్పందమైతే ఆ రోజు 120 రూపాయలు పోయాయి. తిరిగింది తిరిగినట్టే, పెట్రోలు కాలింది కాలినట్టే. మిగిలింది 445.

దీని పక్కన నెలకు 16,000 జీతం, పెట్రోలు ఖర్చు వేరుగా, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్న ఉద్యోగాన్ని పెట్టి చూడండి. అంకెలో అది చిన్నది, లెక్కలో పెద్దది. నెల జీతం 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. జీతంలో ఉద్యోగి వంతు 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం. దానితో కుటుంబానికి వైద్యం దొరుకుతుంది. పని మీద ప్రమాదం జరిగి మంచాన పడితే భత్యం వస్తుంది. ప్రాణమే పోతే భార్యాబిడ్డలకు పింఛను ఉంటుంది. 23,400 అన్న అంకెలో ఇవేవీ లేవు. రోజుకు పది గంటలు రోడ్డు మీదే ఉండే పనికి ఇది చిన్న తేడా కాదు.

మధ్యలో నలిగే నాయకులు

ఆ అధ్యాయంలోనే మనం తరచుగా దాటవేసే మనుషులు ఉన్నారు. ఇశ్రాయేలీయుల్లోంచే ఎంపికైన నాయకులు. పనివాళ్ల మీద ఐగుప్తు అధికారులు నియమించినవారు. ఇటుకల లెక్క తగ్గినప్పుడు మొదట దెబ్బలు తిన్నది వారే. వారు ఫరో దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నారు. లాభం లేక బయటికి వచ్చి, కోపం మోషే అహరోనుల మీద చూపించారు.

మన ఊళ్లో డెలివరీ కేంద్రం నడిపే ఫ్రాంచైజీదారుడు, హబ్ ఇన్‌చార్జి ఆ నాయకుల్లాంటివారే. వారిలోనూ మన విశ్వాసులు ఉన్నారు. అప్పు తెచ్చి గది అద్దెకు తీసుకుని, కంప్యూటరు, తూకం, సీసీ కెమెరా పెట్టుకుని, నలుగురు కుర్రాళ్లను పెట్టుకుంటారు. పైన కంపెనీ రేటు తగ్గిస్తే కింద కుర్రాడికి తగ్గించక తప్పదంటారు. పార్సిల్ పోతే పైనుంచి కోత వస్తుంది, దాన్ని కిందికి తోస్తారు. వారి ఇబ్బంది నిజమైనదే. అయినా కోత కిందికి మాత్రమే ప్రవహిస్తూ పోతే చివర నిలబడేది మొయ్యలేనివాడే. అలాంటి స్థానంలో ఉన్న సహోదరులకు మేము చెప్పేది ఒకటి. మీకు పైనుంచి రాతపూర్వకంగా అడిగే అవకాశం ఉంది. మీ కింది కుర్రాడికి అది కూడా లేదు. కనీసం ఏ కోత ఎందుకు పడిందో కాగితం మీద అతనికి చూపించండి.

పోటీ ఎందుకు ఇటే నడుస్తోంది

ఈ పనిని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. ఈ కంపెనీలు వచ్చాక మన పిల్లలకు ఎవరి సిఫారసూ లేకుండా, లంచం లేకుండా, కులం అడగకుండా వారం రోజుల్లో పని దొరుకుతోంది. తరతరాలుగా ఊరి చివర ఉంచబడ్డ కుటుంబాల నుంచి వచ్చిన మన సంఘాలకు ఆ మాట విలువ తెలుసు. వ్యవసాయ కూలి లేని నెలల్లో ఇంటికి పంపిన డబ్బు ఎన్నో పొయ్యిలు వెలిగించింది. దాన్ని కాదనేవారు ఆకలి ఎరగనివారు.

అయితే పోటీ దేని మీద జరుగుతోందో చూడాలి. కొనేవారు అడిగేది రెండే: త్వరగా రావాలి, డెలివరీ చార్జీ ఉండకూడదు. కంపెనీలు ఆ రెండింటి మీదే పోటీ పడుతున్నాయి. అమెజాన్‌కు సొంత రవాణా ఉంది, ఫ్లిప్‌కార్ట్‌కు ఈకార్ట్ ఉంది, మీషోకు వాల్మో ఉంది. తమ పార్సిళ్లను తామే మోసుకునే కొద్దీ, బయటి కొరియర్ కంపెనీలకు పని తగ్గుతుంది, రేటు తగ్గించమన్న ఒత్తిడి పెరుగుతుంది. 2025లో ఈకామ్ ఎక్స్‌ప్రెస్‌ను దాని పోటీదారైన డెలివరీ కంపెనీ సుమారు 1,407 కోట్ల రూపాయలకు కొనుక్కోవడం ఈ ఒత్తిడి నడుమ జరిగిందే. పోటీదారులు ఒకటైతే, ఇక్కడ బాగోలేదని అక్కడికి వెళ్లే దారి కూడా కూలివాడికి ఇరుకవుతుంది.

మన దగ్గర ఇంకో రకం పోటీదారులూ ఉన్నారు. నవత లాంటి రవాణా సంస్థలు, రెండు రాష్ట్రాల ఆర్టీసీ కార్గో సేవలు. ఊరగాయ జాడీ, పెళ్లి బట్టల మూట, పిల్లల పుస్తకాలు నేటికీ వీటిలో ఊరూరా వెళ్తూనే ఉన్నాయి. వీటిలో చాలా సరుకును మనమే వెళ్లి కౌంటరులో తీసుకుంటాము. గుమ్మం దాకా ఉచితంగా అన్న మాట లేని చోట, ఆ చివరి నాలుగు కిలోమీటర్ల ఖర్చును ఎవరి నెత్తిన వేయాలన్న ప్రశ్నే రాదు. ఉచితం అన్నది నిజానికి లేదు. ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు.

అమెరికా వీధిలో మూడు బండ్లు

ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగు విశ్వాసులు ఇంటి కిటికీలోంచి ఒకే రోజు మూడు బండ్లు చూస్తుంటారు. యూపీఎస్, ఫెడెక్స్, అమెజాన్. పెట్టె ఒకేలా ఉంటుంది. తెచ్చిన మనిషి స్థితి ఒకటి కాదు.

1907లో సియాటిల్‌లో పుట్టిన యూపీఎస్‌లో డ్రైవర్లు కంపెనీ ఉద్యోగులు, టీమ్‌స్టర్స్ యూనియన్ సభ్యులు. 1997లో సుమారు 1,85,000 మంది 15 రోజులు సమ్మె చేశారు. 2023లో సుమారు 3,40,000 మంది తరఫున యూనియన్ అయిదేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. పార్ట్‌టైమ్ వారికి కూడా గంటకు కనీసం 21 డాలర్లు, 2024 నుంచి కొనే కొత్త డెలివరీ బండ్లలో ఏసీ ఆ ఒప్పందంలో భాగం. ఫెడెక్స్ గ్రౌండ్ విభాగం పార్సిళ్లను కాంట్రాక్టర్ల ద్వారా పంచుతుంది. సొంత వ్యాపారులని కంపెనీ చెప్పిన కాలిఫోర్నియా డ్రైవర్లు నిజానికి ఉద్యోగులేనని 2014లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది కంపెనీ 22.8 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అమెజాన్ 2018 నుంచి చిన్న చిన్న కాంట్రాక్టు సంస్థలను పెట్టి, తన పేరున్న బండ్లను వారిచేత నడిపిస్తోంది.

ఇక్కడిదాకా చూస్తే మంచి జీతమిచ్చే కంపెనీలో చేరితే చాలు అనిపిస్తుంది. కాని కథ అక్కడ ఆగలేదు. తన అతి పెద్ద ఖాతాదారైన అమెజాన్ పార్సిళ్లను 2026 రెండో సగానికి సగానికి పైగా తగ్గించుకుంటామని యూపీఎస్ 2025 జనవరిలో ప్రకటించింది. వాటి మీద మిగిలేది తక్కువ అని కారణం చెప్పింది. ఆ ఏడాదే 48,000 ఉద్యోగాలు తగ్గించినట్టు వెల్లడించింది. పక్క కంపెనీ తక్కువ ఖర్చుతో అదే పెట్టె చేరుస్తుంటే, ఎక్కువ ఇచ్చే కంపెనీ ఎంతకాలం నిలుస్తుంది? ఒక మంచి యజమాని సరిపోడు. అందరు యజమానులకూ ఒకే కనీస గీత కావాలి. ఆ గీత గీయవలసింది చట్టం.

గీత ఎక్కడిదాకా వచ్చింది

మన దేశంలో సామాజిక భద్రతా స్మృతి 2020లో చట్టమైంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. గిగ్, ప్లాట్‌ఫాం కార్మికులు అన్న మాటలు కేంద్ర చట్టంలో చోటు చేసుకోవడం ఇదే మొదలు. ఆహారం, సరుకుల యాప్‌లతో పాటు రవాణా సేవల యాప్ కంపెనీలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. ఇవి తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, సామాజిక భద్రతా నిధికి కట్టాలి. ప్రమాద బీమా, వైద్యం, ప్రసూతి, వృద్ధాప్య రక్షణ ఆ నిధి ఉద్దేశాలు. అంతకు ముందే 2025-26 కేంద్ర బడ్జెట్‌లో సుమారు కోటి మంది గిగ్ కార్మికులకు ఈ-శ్రమ్ గుర్తింపు కార్డులు, పీఎం జన్ ఆరోగ్య యోజన వైద్య రక్షణ ఇస్తామన్నారు.

రాష్ట్రాల్లో రాజస్థాన్ 2023లో మొదటి చట్టం చేసింది. కర్ణాటక 2025లో చేసిన చట్టంలో ఒక మంచి నిబంధన ఉంది. కారణం చెప్పి, పద్నాలుగు రోజుల ముందు తెలియజేయకుండా కార్మికుణ్ణి తొలగించకూడదు. తెలంగాణలో 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నాంపల్లిలో గిగ్ కార్మికులతో సమావేశమై 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదాను ప్రజల అభిప్రాయానికి పెట్టింది.

ఇవి మంచి అడుగులు. అయినా ఒక సంగతి మరువకూడదు. ఈ నిధులన్నీ గడ్డి ఏరుకునేవాడు పడిపోతే కట్టు కట్టడానికి. గడ్డి ఎవరివ్వాలి అన్న ప్రశ్న అలాగే ఉంది. పెట్రోలు పెరిగినప్పుడు పార్సిల్ రేటు పెరగాలా, తిరిగి వచ్చిన పార్సిల్‌కు కూలి ఉండాలా, ఒక రోజు కూలి కనీస వేతనానికి తగ్గకుండా ఎలా చూడాలి అన్నవి ఇంకా అడగవలసినవే. మన ఓటు అడగడానికి వచ్చేవారిని మందిరాల స్థలాల గురించి, శ్మశానాల గురించి అడుగుతాము. దీని గురించి కూడా అడగాలి.

చేరేముందు అడగవలసినవి

ఏ కంపెనీ మంచిది అని అడిగే పిల్లవాడికి కంపెనీ పేరు చెప్పడం కన్నా ఈ ప్రశ్నలు రాసివ్వడం మేలు.

ఒకటి, నియామక పత్రం ఎవరి పేరున ఉంది? కంపెనీదా, కాంట్రాక్టరుదా, అసలు పత్రమే లేదా?

రెండు, జీతమా, పార్సిల్ లెక్కా? తిరిగి వచ్చిన పార్సిల్‌కు ఏమిస్తారు? పెట్రోలు ఎవరిది?

మూడు, పీఎఫ్ ఉందంటే యూఏఎన్ నంబరు, ఈఎస్‌ఐ ఉందంటే ఆ నంబరు మొదటి నెలలోనే చేతికి ఇస్తారా? జీతంలో కోసిన డబ్బు ఖాతాలో పడుతోందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

నాలుగు, ప్రమాదం జరిగితే బీమా ఎంత? యాప్ తెరిచి ఉన్న సమయానికేనా? మన బండి ఇన్సూరెన్స్ పత్రంలో కిరాయి, వ్యాపార వాడకం గురించి ఏముంది?

అయిదు, నగదు తక్కువైనా, పార్సిల్ పోయినా ఎవరి జేబులోంచి? ఐడీ ఆపేస్తే ఏ మనిషికి చెప్పుకోవాలి?

ఆరు, వారంలో ఒక రోజు విశ్రాంతి తీసుకుంటే ప్రోత్సాహకం పోతుందా?

ఈ ఆరింటికీ నోటితో కాక కాగితం మీద జవాబిచ్చే చోటు, పార్సిల్‌కు రెండు రూపాయలు తక్కువిచ్చినా మేలే.

సంఘం చేయగలిగినవి

ఆరో ప్రశ్న సంఘానికి కూడా సంబంధించినదే. ఫరో దగ్గర గొడవ మొదలైంది ఆరాధనకు సెలవు అడిగినందుకు. ఆదివారం ఇళ్లలో మనుషులు దొరికే రోజు కాబట్టి పార్సిళ్లకు అది మంచి రోజు. ఆ రోజు మానితే వారమంతా కష్టపడి దగ్గరికి వచ్చిన ప్రోత్సాహకం పోవచ్చు. అలాంటి కుర్రాడు నాలుగు ఆదివారాలు కనబడకపోతే వెనుకబడిపోయాడని తీర్మానించడం సులువు. సోమరివని ఫరో అన్నాడు, భక్తి తగ్గిందని మనం అంటే ఆ పిల్లవాడు రెండు వైపులా నింద మోస్తాడు. నగరాల్లోని సంఘాలు ఆదివారం రాత్రి తొమ్మిదింటికో, వారం మధ్యలో ఒక ఉదయమో ఒక గంట ఆరాధన పెట్టగలవా అని పెద్దలు ఆలోచించాలని మా మనవి.

సంఘంలో కంప్యూటరు తెలిసిన యువకులు ఉన్నారు. ఒక శనివారం సాయంత్రం మందిరపు హాలులో బల్ల వేసుకుని, ఈ-శ్రమ్‌లో పేర్లు నమోదు చేయించవచ్చు. ఈఎస్‌ఐ, పీఎఫ్ ఖాతాలు చూసిపెట్టవచ్చు. మన సంఘాల్లో న్యాయవాదులు ఉన్నారు, కార్మిక శాఖలో, బీమా సంస్థల్లో పనిచేసేవారు ఉన్నారు. నెలకు ఒక గంట వారి వరాన్ని ఇలా వాడమని అడగండి. యూనియన్‌లో చేరిన యువకుణ్ణి తిరుగుబోతుగా చూడనక్కరలేదు. సెలోపెహాదు కుమార్తెలు కలిసి వెళ్లి అడిగినప్పుడు వారి మాట న్యాయమేనని దేవుడే మోషేతో చెప్పాడు.

ఇంట్లో చేయగలిగినవి ఇంకా సులువు. ఆర్డరు పెట్టిన రోజు ఫోను ఎత్తండి. ఓటీపీ సిద్ధంగా ఉంచండి. చిరునామాలో గుర్తు సరిగ్గా రాయండి. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి గుమ్మంలో వద్దనకండి. మే నెల ఎండలో మూడో అంతస్తు ఎక్కి వచ్చినవాడికి ఒక గ్లాసు మంచినీళ్లు ఇవ్వండి. అతని పేరు అడగండి. అంత తొందర లేని వస్తువుకు నిదానంగా వచ్చే తేదీ ఎంచుకోండి. వీటితో కంపెనీల పద్దులు మారవు. కాని ఆ రోజు అతని 445 రూపాయలు 565 కావచ్చు.

కూలివాడి కూలి సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతుంది. అతను దాని మీదే ఆశ పెట్టుకుని ఉన్నాడన్నది అక్కడ చెప్పిన కారణం. పొరుగువానిచేత జీతం లేకుండా పని చేయించుకుని మేడ కట్టుకున్న యెహోయాకీమును యిర్మీయా నిలదీశాడు. బిగబట్టిన కూలి మొర దేవుని చెవులకు చేరుతుందని యాకోబు ధనవంతులను హెచ్చరించాడు. ఈ ముగ్గురూ కూలిని దానధర్మాల విషయంగా చూడలేదు, న్యాయం విషయంగా చూశారు. ఆ అధ్యాయంలో ఫరో లెక్క చివరి మాట కాలేదు. దేవుడు ఆ మొర విన్నాడు, దిగి వచ్చాడు. వచ్చే ఆదివారం విజ్ఞాపన ప్రార్థనలో రోగులతో, ప్రయాణికులతో పాటు మీ వీధిలో పార్సిళ్లు పంచే ఆ యువకుల పేర్లు కూడా చేర్చమని, ప్రార్థన అయ్యాక వారి పక్కన కూర్చుని ఆ లెక్క ఒకసారి చూడమని ప్రతి సంఘాన్ని కోరుతున్నాము.